తడవని తువ్వాలు

ఆమె అసలు పేరు ఆఫీసు కాగితాల మీద తప్ప ఇంకెక్కడా వినపడదు. నాలుగు వీధులకీ ఆమె సూదమ్మ. ఎదురుగా వస్తుంటే మూడేళ్ల పిల్లలు తల్లుల వెనక నక్కుతారు. ముప్పై ఏళ్ల మగవాళ్లు చొక్కా చేతులు కిందికి దించుకుని నవ్వుతారు, వాళ్లనీ ఒకప్పుడు గుచ్చింది ఆమే కాబట్టి. భర్త దర్జీ. ఆ ఇంట్లో ఇద్దరూ సూదుల మీదే బతుకుతున్నారని వీధిలో ఒక వేళాకోళం. దర్జీ మాత్రం, "నా సూదికి ఎవరూ ఏడవరు, అదే తేడా" అంటాడు.

చదువంటారా, ఊరి బడిలో పదో తరగతి, ఆ పైన నర్సు శిక్షణ పద్దెనిమిది నెలలు. అంతే. ఆ కాస్త చదువుతో ఆమె చేసినవి చెప్పాలంటే నిలబడి చెప్పేవి కావు. ముప్పై నాలుగేళ్లు, రెండువందల పద్దెనిమిది గుమ్మాలు. ఏ గుమ్మంలో ఏ నెలలో ఎవరు పుట్టారో పుస్తకం తీయకుండా చెప్పగలదు. తట్టు వచ్చిన ఏడాది పక్క వీధుల్లో పిల్లలు మంచాలు దిగలేదు, ఈ నాలుగు వీధుల్లో మాత్రం ఒక్కరు పడుకోలేదు. కిందివీధిలోకి వాననీళ్లు వచ్చినప్పుడు మెడలో ఈల వేసుకుని, మోకాలి లోతులో ఇంటింటికీ తిరిగి, నీళ్లు కాచి తాగేదాకా ఈల ఆపలేదు. ఆ వీధి మొత్తం మీద విరేచనాలు పట్టుకున్నది ఒక్కరికి, అతనూ చెవులు వినపడని మనిషి. ఒకసారి తల్లి బయట తాళం పెట్టి బజారుకెళితే, లోపల నుంచి అమ్మమ్మ బిడ్డ కాలు కిటికీ ఊచల మధ్య నుంచి బయటికి పెట్టింది, ఈమె వీధిలో నిలబడి గుచ్చేసి వచ్చింది. ఇవేవీ కట్టుకథలు కావు. అడిగితే ఆ అమ్మమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఇన్నింటిలోకీ సూదమ్మ గొప్పగా చెప్పుకునేది కండక్టరమ్మ సంగతి.

చివరి వీధిలో మూడంతస్తుల మేడ ఒకటుంది. పైఅంతస్తులో బస్సు కండక్టరు ఒకావిడ. తన అన్న కొడుక్కి సూది వేసిన రాత్రి జ్వరం వచ్చి ఇల్లంతా హడలిపోయిందట. దాంతో తన పెద్దపిల్లాడికి ఆవిడ సూది వద్దంది. ఆవిడ వద్దంటే ఆ మెట్ల మీద ఉన్న తొమ్మిది కాపురాలూ వద్దన్నట్టే, ఆ గొంతు అలాంటిది. సూదమ్మ పదిసార్లు ఎక్కింది, పదిసార్లూ తలుపు సందులోంచే సమాధానం. పదకొండోసారి యాభై రెండో మెట్టు దగ్గర మోకాళ్లు మొరాయించాయి, అక్కడే కూలబడింది. కండక్టరమ్మ తలుపు తీసి, నీళ్లిచ్చి, "మీకూ మాలాగే రోజంతా నిలబడే ఉద్యోగమేనా?" అంది. అరగంట కాళ్ల వాపుల గురించే మాట్లాడుకున్నారు. తర్వాత పిల్లాణ్ణి తెచ్చి ఒళ్లో పెట్టింది. ఆ వారమే తొమ్మిది కాపురాల పిల్లలూ సూదులు వేసే ఆరోగ్య సెంటరుకి వచ్చారు. ఇప్పుడు కండక్టరమ్మకి రెండోది ఆడపిల్ల, నాలుగో నెల.

పదవీ విరమణకి మూడు వారాలుందనగా ఒక బుధవారం. బుధవారం అంటే సూదుల రోజు. పొద్దున ఎనిమిదికే సెంటరులో పెట్టె సర్దుతోంది సూదమ్మ. పెట్టె అంటే భుజాన తగిలించుకునే నీలంరంగు మందు పెట్టె, లోపల నాలుగు గోడలకీ నాలుగు ఐస్ ప్యాకులు, మధ్యలో మందు సీసాలు. గుమాస్తా కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. వీడ్కోలు సభలో చదవడానికి ఆమె సాధించినవన్నీ కాగితం మీద పెట్టే పని అతనికి అప్పగించారు.

"చెప్పక్కా, మొదటి నుంచి చెప్పు. నేను రాసుకుంటా."

"ఏముందయ్యా చెప్పడానికి" అని మొదలుపెట్టింది. ఏమీ లేదని మొదలుపెట్టినవాళ్లు తొందరగా ఆపరు కదా. తట్టు చెప్పింది, వాననీళ్లు చెప్పింది, కిటికీ ఊచలు చెప్పింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. కండక్టరమ్మ మెట్లు పదకొండోసారి ఎక్కిన దగ్గరికి వచ్చేసరికి గుమాస్తా కలం ఆపి నోరు తెరుచుకుని వింటున్నాడు. ఆమె పెట్టె మూత టప్పున వేసి భుజాన తగిలించుకుంది.

"మిగతాది సాయంత్రం" అని వీధుల్లోకి నడిచింది. నడకలో కాస్త ఊపు కూడా ఉంది.

ఆ రోజు ముప్పై ఎనిమిది మంది పిల్లలకి సూదులు పడ్డాయి. నాలుగు సీసాలు అయిపోయాయి. ఐదోది మూత తీయనే లేదు. దాని మీద పెన్నుతో గీత పెట్టి, తిరిగి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టింది.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే దర్జీ ఆమె సంచీ తిరగేశాడు. బుధవారం సాయంత్రం తువ్వాలు ఉతకడం అతని వంతు. దాన్ని ఆమె కోసమే చేతిరుమాలుకి రెండింతలు పెట్టి, అంచు కుట్టి ఇచ్చింది అతనే.

"ఇవాళ నాకు పని తప్పించావే. పొద్దున నేను పెట్టిన మడత పెట్టినట్టే ఉంది."

సూదమ్మ చేతిలో చెంబు అక్కడే ఆగిపోయింది.

ఆ తువ్వాలు ఎందుకో ఇక్కడ చెప్పాలి. ఐస్ ప్యాకుల్ని ఫ్రీజరులోంచి తీసి అలాగే పెట్టెలో పెట్టకూడదు. బల్ల మీద వరసగా పేర్చి, అవి చెమర్చేదాకా ఆగాలి. చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే లోపల నీళ్ల చప్పుడు వినపడాలి. అప్పుడు తువ్వాలుతో తుడిచి పెట్టెలో సర్దాలి. లేకపోతే ఆ చలికి మందు గడ్డకడుతుంది. కొన్ని మందులకి ఎండ పడదు, ఈ మందుకి ఎండా పడదు, గడ్డకట్టడం అసలే పడదు. ఒకసారి గడ్డకట్టి కరిగిందంటే దాని సత్తువ పోయినట్టే. చూడ్డానికి మందులాగే ఉంటుంది, పని మాత్రం చేయదు.

ముప్పై నాలుగేళ్లుగా ప్రతి బుధవారం ఆ చప్పుడు విన్న చెవులు ఈ బుధవారం తన గొంతే వింటూ కూర్చున్నాయి.

"ఏమైందే?" అన్నాడు దర్జీ.

"ఏమీ కాలేదేమో. అయిందేమో. సెంటరు దాకా పోయి వస్తా."

"కాళ్లు తుడుచుకుని వెళ్లు, ఆ తువ్వాలు ఎలాగూ పొడిగానే ఉంది" అన్నాడు. మామూలప్పుడైతే ఆమె నవ్వేదే.

సెంటరు తాళాలు గుమాస్తా దగ్గరుంటాయి, అతని ఇల్లు సెంటరు వెనకే. ఇంకా వెలుగుండగానే ఇద్దరూ తలుపు తీశారు. ఆ సీసాలతో పాటు అదే తేదీన సెంటరుకి వచ్చి, ఫ్రిజ్ దాటి బయటికి రాని మంచి సీసా ఒకటి తీసి సూదమ్మ ఫ్రీజరులో పెట్టింది.

"అదేంటక్కా, మంచి మందుని చేతులారా పాడుచేస్తున్నావు?"

"పాడైంది ఎలా ఉంటుందో పక్కన పెట్టుకుంటే గానీ, పాడైందో లేదో తెలీదు."

మర్నాడు పొద్దున అది కరిగాక, గీత పెట్టిన సీసానీ, దాన్నీ చెరో చేత్తో పట్టుకుని బాగా ఆడించి కిటికీ గట్టు మీద పక్కపక్కన నిలబెట్టింది. ఫ్రిజ్‌లో కదలకుండా ఉన్న మంచిది ఇంకొకటి ఆడించి మూడోదిగా పెట్టింది. సెంటరు డాక్టరమ్మ వచ్చింది. వయసులో సూదమ్మ కూతురంత ఉంటుంది, మాట తక్కువ మనిషి. గుమాస్తాతో కలిపి ముగ్గురూ కిటికీ ముందు కూర్చుని సీసాల వంక చూశారు. మూడోది పాలు కలిపిన నీళ్లలా అలాగే నిలిచింది. మొదటి రెండూ పోటీ పడుతున్నట్టు కింద సుద్దలా పేరుకుని, పైన తేటగా అయిపోయాయి.

గీత పెట్టిన సీసా కూడా గడ్డకట్టి కరిగిందే.

"పిల్లలకి హాని ఏమీ లేదు" అంది డాక్టరమ్మ. "మళ్లీ వేయాలి, అంతే. జరిగింది జరిగినట్టు పైకి నేను రాస్తాను. మీరూ రాసివ్వండి, జతచేస్తాను."

గుమాస్తా గొంతు తగ్గించాడు. "అక్కా, ఇందులో అందరికీ చెప్పేదేముంది? అదనంగా ఇంకో విడత వచ్చింది, రమ్మన్నారు అని కబురు పెడితే పరిగెత్తుకుంటూ వస్తారు. మూడు వారాల్లో నీ సభ. నేను రెండు పేజీలు రాశాను."

నిజం చెప్పాలంటే ఆ మాట ఆమెకి చల్లగానే తగిలింది. నోరు తెరిచి సరే అనబోయింది కూడా. అంతలో తన మాట నమ్మి తలుపు తీసిన కండక్టరమ్మ కళ్ల ముందుకొచ్చింది. ఆ మనిషికి అబద్ధం చెబితే మొహం చూసి పట్టేస్తుంది. నిజం చెబితే తలుపేస్తుంది. ఆ తలుపు పడిందంటే తొమ్మిది తలుపులు పడతాయి. తన తర్వాత వచ్చే కొత్త నర్సు ఆ యాభై రెండు మెట్లూ మళ్లీ ఒకటో మెట్టు నుంచి ఎక్కాలి. ముప్పై నాలుగేళ్లలో తను కట్టిందేదన్నా ఉంటే అది ఆ తలుపులే. సూది ఎవరైనా గుచ్చుతారు.

"కబురు వద్దు" అంది. "నేనే వెళ్తా. డాక్టరమ్మా, గీత పెట్టిన సీసా, మంచి సీసా రెండూ నాకివ్వండి, ఎవరన్నా అడిగితే చూపిస్తాను."

"తీసుకెళ్లండి. అవి మళ్లీ వాడేవి కావు" అంది డాక్టరమ్మ. కాస్త ఆగి, "నేనూ రానా?" అంది.

"మీరొస్తే జబ్బేదో వచ్చిందనుకుంటారు తల్లీ. నేనైతే సూదమ్మ వచ్చిందనుకుంటారు."

మూడు రోజులు తిరిగింది. ప్రతి ఇంట్లో అదే మాట: బుధవారం నేను వేసిన మందు చెడిపోయింది, తప్పు నాది, బిడ్డకి భయం లేదు, వచ్చే బుధవారం సెంటరుకి తీసుకురండి. మొదటి ఇంట్లో ఆ నాలుగు ముక్కలు చెప్పడానికి పావుగంట పట్టింది. పదో ఇంటికి ఊపిరి తీసుకోకుండా చెప్పడం వచ్చింది. ఒక తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంటే ఆమెని ఓదార్చడానికి కూర్చోవాల్సి వచ్చింది. సైకిల్ రిపేరు అతను పానా పట్టుకునే వీధిలోకొచ్చి అందరికీ వినపడేలా నాలుగు దులిపాడు. ఆమె నిలబడి అన్నీ వింది. అతను అలిసిపోయాక, "బుధవారం మరి తొమ్మిదికి" అంది. ఇంకో ఇంట్లో తాతగారు పడక్కుర్చీలోంచి లేచి మరీ చేతులు జోడించారు. "నీకూ పొరపాటు జరుగుతుందన్నమాట. ఇన్నాళ్లూ నిన్ను చూస్తే కాస్త బెరుగ్గా ఉండేది నాకు."

శుక్రవారం రాత్రి ఇంటికొస్తే దర్జీ ఆమె చెప్పుల తెగిన పట్టీ కుడుతూ అడిగాడు, "ఎన్ని అయ్యాయి?"

"ముప్పై ఏడు."

"మిగిలిన ఒకటి ఎవరిదో నేను చెప్పనా?"

"నువ్వు కుట్టు, మాట్లాడకు."

శనివారం మధ్యాహ్నం ఆ ఒక్కటీ మిగిలింది. కండక్టరమ్మ డ్యూటీ దిగి వచ్చే వేళ చూసుకుని బయల్దేరింది. మెట్లెక్కుతూ లెక్కపెట్టింది, యాభై రెండే ఉన్నాయి, ఈసారీ తగ్గలేదు. తలుపు తీసే ఉంది. కండక్టరమ్మ ఖాకీ చొక్కా బల్ల మీద పరిచి ఇస్త్రీ చేస్తోంది. పిల్ల చాప మీద వెల్లకిలా పడుకుని తన పాదాన్ని నోట్లో పెట్టుకునే ప్రయత్నంలో ఉంది.

"ఏంటి సూదమ్మా, మొన్ననే కదా గుచ్చావు. ఏమన్నా మర్చిపోయావా?"

"మర్చిపోయిన సంగతి చెప్పడానికే వచ్చానమ్మా."

నిలబడే చెప్పింది. ఐస్ ప్యాకులు, చెవి, తువ్వాలు, సంచీలో తెచ్చిన సీసాలు, అన్నీ. గుమాస్తాకి తన గొప్పలు చెప్పుకుంటూ మర్చిపోయానన్నది కూడా దాచలేదు. ఇస్త్రీపెట్టె చొక్కా కాలరు దగ్గర ఆగి, మళ్లీ కదిలింది.

"ఎవరు పట్టుకున్నారు నిన్ను?"

"ఎవరూ పట్టుకోలేదు. మా ఆయన తువ్వాలు మడత విప్పాడు, అంతే."

"అంటే నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు."

"తెలిసేది కాదు."

కండక్టరమ్మ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "టికెట్టు లేనివాళ్లని రోజుకి పాతికమందిని చూస్తా. నిద్ర నటించేవాడు, ఫోను నటించేవాడు. అడక్కముందే లేచొచ్చి నా దగ్గర టికెట్టు లేదని చెప్పినవాణ్ణి మాత్రం నా సర్వీసు మొత్తంలో ఒక్కణ్ణే చూశా."

"ఏం చేశావు అతన్ని?"

"దింపేశా."

సూదమ్మ సంచీ భుజం మీదికి సర్దుకుంది.

"వాడి స్టాపు అదే లే" అంది కండక్టరమ్మ. మొహంలో నవ్వు మాత్రం లేదు. "సంచీలో సీసాలున్నాయన్నావుగా, ఇటివ్వు."

రెండు సీసాలూ పుచ్చుకుని, బస్సు ఆపమని గంట లాగినంత బలంగా ఆడించి కిటికీ గట్టు మీద పెట్టింది. తను మళ్లీ ఇస్త్రీకి వెళ్లింది. సూదమ్మని కూర్చోమనలేదు. చొక్కా అయింది. ప్యాంటు అయింది. పెద్దపిల్లాడి బడి చొక్కా అయింది. ఈ మధ్యలో పిల్లకి పాదం దొరికింది, జారిపోయింది, మళ్లీ దొరికింది. సూదమ్మ మోకాళ్లు పదకొండోసారి ఎక్కిన రోజులాగే మొరాయిస్తున్నాయి, అయినా నిలబడే ఉంది.

అరగంటకి కండక్టరమ్మ కిటికీ దగ్గరికి వెళ్లి వంగి చూసింది.

"ఈ తేటపడిందేనా మా పిల్లకి వేసింది?"

"అదే. పెట్టె అదే, మందు అదే."

"ఇది విషమా?"

"కాదు. గుచ్చినా గుచ్చనట్టే, అంతే."

"అయితే మా పిల్ల ఆ రోజు ఊరికే ఏడ్చింది."

"అవునమ్మా. ఊరికే ఏడిపించాను."

"నాకెందుకు చెబుతావు? ఏడ్చింది నేనా?"

సూదమ్మకి ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత గోడ పట్టుకుని మెల్లగా చాప మీదికి దిగింది. పిల్ల పాదం వదిలేసి ఆమె వంక చూసింది. "తల్లీ" అంది సూదమ్మ, "నిన్ను ఊరికే ఏడిపించాను. వచ్చే బుధవారం ఇంకోసారి ఏడిపిస్తాను, ఆ ఏడుపు మాత్రం వృథా పోనివ్వను." పిల్ల ఆమె కళ్లజోడు లాగేసుకుంది.

"బుధవారం నాకు డ్యూటీ" అంది కండక్టరమ్మ వెనక నుంచి. "సెలవు పెట్టను."

సూదమ్మ తలెత్తలేదు. అయిపోయిందనుకుంది.

"ఏడున్నరకి డిపోలో ఉండాలి. ఆరున్నరకి తెరుస్తావా మీ సెంటరు?"

"ఐదింటికైనా తెరుస్తా."

"ఆరున్నర చాలు. కళ్లజోడు తీసుకో, అది నమిలేస్తుంది. కూర్చున్నావుగా, టీ పెడతా."

బుధవారం ఆరింటికే సూదమ్మ గుమాస్తాని లేపి తాళం తీయించి, ఐస్ ప్యాకులు బల్ల మీద పేర్చింది. ఆరున్నరకి గుమాస్తా ఆవలిస్తూ వీధి తలుపులు బార్లా తీసి బయటికి చూసి, ఆవలింత మధ్యలోనే ఆపేశాడు. ఆ మూడంతస్తుల మేడలో సూది పడాల్సిన పిల్లలు నలుగురూ, నలుగురి తల్లులూ, వాళ్ల వెనక ఖాకీ బట్టల్లో భుజాన పిల్లతో కండక్టరమ్మ. "ముందుకి జరగండి, జరగండి, గుమ్మంలో నిలబడొద్దు, లోపల బోలెడు ఖాళీ ఉంది" అంటోంది. గుమాస్తా కూడా తెలియకుండానే రెండడుగులు ముందుకి జరిగాడు.

సూదమ్మ మొదటి ఐస్ ప్యాకు చెవి దగ్గర పెట్టుకోబోయింది.

"ఆగు" అని చెయ్యి చాపింది కండక్టరమ్మ. "ముందు నేను వింటా."

తీసుకుని చెవికి ఆనించి ఆడించింది. "ఇంకా గట్టిగానే ఉంది" అని తిరిగిచ్చింది. పది నిమిషాలాగి మళ్లీ అడిగింది. ఈసారి తల ఊపి పక్కావిడకి అందించింది. పక్కావిడ విని తన పక్కావిడకి ఇచ్చింది. అలా నాలుగు ప్యాకులూ చెవి నుంచి చెవికి తిరిగి వచ్చాక సూదమ్మ వాటిని తుడిచింది. తువ్వాలు పిండితే నీళ్లు కారేంత తడిసింది. ఆ రోజు మధ్యాహ్నానికి ముప్పై ఎనిమిది మందీ అయ్యారు. ఆఖర్న వచ్చింది సైకిల్ రిపేరు అతను, పానా లేకుండా. ఆ నాలుగు వీధుల్లో తల్లులు అప్పట్నుంచీ ఐస్ ప్యాకు విననిదే చొక్కా చెయ్యి పైకెత్తనివ్వరు. కొత్తగా వచ్చిన నర్సుకి ఇదెక్కడి పద్ధతో అర్థం కాక నెల పట్టింది.

సభకి ముందు రోజు గుమాస్తా కాగితాలు తెచ్చాడు. సూదమ్మ అన్నీ చదివి, అక్కడక్కడా అంకెలు సరిదిద్ది, "చివర ఇంకో మాట చేర్చు" అంది. చెప్పింది. అతను రాసుకుని తల గోక్కున్నాడు.

"అక్కా, ఇది సాధించినవాటి కింద వస్తుందా?"

"మరి ఎక్కడ వస్తుంది? మూడు రోజులు తిరిగాను. చెప్పుల పట్టీ తెగింది, మా ఆయన్ని అడుగు."

సభలో దర్జీ ముందు వరసలో కూర్చున్నాడు, తను కుట్టిన కొత్త చొక్కాలో, అంచులు చూసుకుంటూ. డాక్టరమ్మ నాలుగు మాటలు మాట్లాడి కూర్చుంది. గుమాస్తా రెండు పేజీలూ మంచి గొంతుతో చదివాడు. తట్టుకి చప్పట్లు, ఈలకి చప్పట్లు, కిటికీ ఊచలకి నవ్వులు. చివరి మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి, గబగబా, "ఒక బుధవారం ఏమరుపాటున ముప్పై ఎనిమిది మంది పిల్లలకి చెడిన మందు వేసి, ఇంటింటికీ వెళ్లి ఆ సంగతి తానే చెప్పి, ముప్పై ఎనిమిది మందికీ..." అని గొణుగుతున్నాడు.

గది చివర, తలుపు దగ్గర, ఖాకీ చొక్కాలో ఒకావిడ లేచి నిలబడింది.

"గట్టిగా చదవవయ్యా. వెనక సీట్లకి వినపడటం లేదు."